లిస్టులో ఆమె పేరు

నా నోట్‌బుక్ చివరి పేజీలో ఒక పట్టిక ఉండేది. ఐదు పేర్లు, నాలుగు గళ్లు. పేరు, ప్రార్థన మొదలుపెట్టిన తేదీ, మాట్లాడిన తేదీ, ఫలితం. సంఘంలో సువార్త శిక్షణకు వెళ్లినప్పుడు గీసుకున్న పట్టిక అది. అందులో మూడో పేరు ఆఫీసులో నా పక్క సీటు మేడమ్‌ది. ఆమె పేరుకు ఎదురుగా ఫలితం గడిలో రెండే మాటలు రాశాను: "కఠిన హృదయం."

ఒకరోజు నేను సీట్లో లేనప్పుడు, ఏదో వోచర్ నంబర్ కోసం ఆమె ఆ నోట్‌బుక్ తెరిచింది.

అక్కడిదాకా ఎలా వచ్చానో ముందు చెప్పాలి. శిక్షణ 8 వారాలు, శనివారం సాయంత్రాలు. మొదటి పాఠం మూడు నిమిషాల సాక్ష్యం. ప్రభువు దొరకక ముందు ఎలా ఉన్నాను, ఎలా దొరికాడు, తర్వాత నాలో ఏం మారింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు ఫోన్‌లో టైమర్ పట్టుకుని కూర్చునేవాళ్లు. తర్వాత రోమా పత్రికలో నాలుగు వచనాలు వరసగా బట్టీ పట్టించారు: 3:23, 6:23, 5:8, 10:9. అందరూ పాపం చేశారు, పాపానికి జీతం మరణం, మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు మన కోసం చనిపోయాడు, నోటితో ఒప్పుకుని హృదయంలో నమ్మితే రక్షణ. ఆ వచనాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. తర్వాత జరిగినదానిలో వాటి తప్పేమీ లేదు.

నా ఇబ్బంది సాక్ష్యం దగ్గర వచ్చింది. మా బ్యాచ్‌లో ఒకాయన తాగుడు మానినవాడు. ఒకమ్మాయి చావబోయి బతికి వచ్చింది. నేనేమో విశ్వాసుల ఇంట్లో పుట్టాను, చిన్నప్పటి నుంచీ మందిరానికి వెళ్తున్నాను, ఇంకా వెళ్తూనే ఉన్నాను. మూడు నిమిషాల్లో నలభై సెకన్లకే అయిపోయేది. అందుకని డిగ్రీ రోజుల్లో పరీక్షల ముందు పడ్డ మామూలు దిగులును తీసుకుని, కొంచెం కొంచెంగా పెంచి, "చావు అంచుల దాకా వెళ్లాను" అనేదాకా తెచ్చాను. అందరూ ఆమెన్ అన్నారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసేది ఆ నిద్రకే.

మాకు నేర్పిన బ్రదర్ ఒక కథ తరచూ చెప్పేవారు. 1855లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కింబల్ అనే సండేస్కూల్ టీచర్ చెప్పుల దుకాణంలోకి వెళ్లి, అక్కడ పనిచేస్తున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడితో క్రీస్తు గురించి మాట్లాడాడు. ఆ కుర్రాడే తర్వాత ప్రపంచమంతా ఎరిగిన సువార్తికుడు డి.ఎల్. మూడీ అయ్యాడు. ఒక మనిషి, ఒక దుకాణం, ఒక మాట. నేను విన్నది అంతే. కింబల్‌కు ఆ కుర్రాడు ముందే తెలుసని, తన క్లాసులో కూర్చునేవాడని నా చెవికి ఎక్కలేదు. లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తూ కింబల్ ఆ దుకాణం దాటి ముందుకు వెళ్లిపోయి మళ్లీ వెనక్కి వచ్చాడని, ఆ రోజు తను చెప్పింది చాలా బలహీనంగా ఉందని తర్వాత తనే ఒప్పుకున్నాడని ఎంతో కాలానికి గానీ చదవలేదు. ఆ కుర్రాడు సంఘ సభ్యత్వం కోసం వెళ్తే, అడిగినవాటికి సరిగా జవాబు చెప్పలేకపోయాడని కొంతకాలం ఆపారట కూడా. ముందే తెలిసి ఉంటే నాకు ఎంత టెన్షన్ తగ్గేదో.

శిక్షణ అయిన వారంలోనే మేడమ్ టేబుల్ మీద ఒక కరపత్రం పెట్టి, మాకు నేర్పిన మొదటి ప్రశ్న వేశాను. "మేడమ్, ఈ రాత్రే మీరు చనిపోతే ఎక్కడికి వెళ్తారో మీకు తెలుసా?"

ఆమె బ్యాంకు లెక్కలు సరిచూస్తోంది. తలెత్తి నన్ను చూసింది. "ఏం, నాకేమన్నా అయిందని ఎవరన్నా చెప్పారా?"

అక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మూడు నిమిషాల సాక్ష్యం, చావు అంచులతో సహా, మొత్తం అప్పజెప్పాను. ఆమె మధ్యలో రెండుసార్లు గోడ గడియారం వైపు చూసింది. అంతా విని, "సరేనమ్మా, ఆ స్టేట్‌మెంట్ ఇటివ్వు" అంది. ఆమెకు తన దేవుడున్నాడు, తన భక్తి ఉంది. అవేమిటో నేను ఒక్క మాట అడగలేదు. రెండు రోజుల తర్వాత కింద పడ్డ పెన్ను కోసం వంగితే, ఆ కరపత్రం నాలుగు మడతలు పెట్టి ఆమె టేబుల్ కాలు కింద కనిపించింది. ఎప్పటి నుంచో ఊగే టేబుల్, ఇప్పుడు ఊగడం లేదు. నేను సీట్లో కూర్చుని ఫలితం గడి నింపాను.

నోట్‌బుక్ తెరిచిన రోజు ఆమె అరవలేదు. నేను వచ్చేసరికి అది నా టేబుల్ మీద అదే పేజీ దగ్గర తెరిచి ఉంది. "నంబర్ దొరికింది" అంది. కాసేపయ్యాక స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండానే, "మిగతా నలుగురికి తెలుసా, వాళ్లు లిస్టులో ఉన్నట్టు?" అని అడిగింది.

మర్నాడు పొద్దున, "మీరు ఆ ఫైల్ పంపుతారా?" అంది. నాలుగేళ్లుగా నన్ను "నువ్వు" అన్న మనిషి. తిట్టినా అంత తగిలేది కాదు.

శిక్షణ ఇచ్చిన బ్రదర్‌కు చెబితే, "సువార్త కోసం నిందపడ్డావు, ధన్యురాలివి" అన్నారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు బాగానే తిరిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక పెద్దావిడతో అన్నాను. నలభై దాటాక విశ్వాసంలోకి వచ్చిన మనిషి, మాట పొదుపు. అంతా విని ఒక్కటే అడిగింది. "ఆమె నొచ్చుకుంది సువార్తకా, నీ రాతకా?"

క్షమాపణ అడగడానికి నాకు వారం పట్టింది. "మీరు బాధపడి ఉంటే" అని మొదలుపెట్టే వాక్యాలు నాలుగైదు అనుకుని వదిలేశాను. చివరికి లిఫ్ట్ దగ్గర ఎవరూ లేనప్పుడు అన్నాను: "మిమ్మల్ని లెక్కలో రాసుకున్నాను మేడమ్. తప్పు చేశాను. ఆ పేజీ చింపేస్తాను."

"చింపితే ఏం, రాసుకున్నది మనసులో ఉండనే ఉందిగా" అంది. లిఫ్ట్ వచ్చింది, ఎక్కింది. అంతే. "మీరు" ఇంకో నెలన్నర నడిచింది.

ఆ నెలన్నరలో చేయగలిగింది చదవడమే. శిక్షణలో బట్టీ పట్టిన భాగాలనే ముందూ వెనకా కలిపి చదివాను. మా క్లాసు గోడ మీద మొదటి పేతురు 3:15 బ్యానర్ ఉండేది: "ఎల్లప్పుడు సిద్ధముగా ఉండి." అది వచనంలో ఒక ముక్క. మన నిరీక్షణ గురించి "అడుగు ప్రతివానికిని" జవాబు చెప్పమన్నాడు పేతురు, అదీ "సాత్వికముతోను భయముతోను." నన్నెవరు అడిగారు? సమరయ స్త్రీతో యేసు మొదట అన్నది తాగడానికి నీళ్లిమ్మని. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు ఒక ఐతియొపీయుడి రథం దగ్గరికి పరుగెత్తిన మాట నిజమే కానీ, వెళ్లి ఒక ప్రశ్న అడిగాడు. ఎక్కి కూర్చోమని ఆ ఐతియొపీయుడు బతిమాలాకే ఎక్కాడు. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన పనుల్లో అదొక్కటే బాగుందని నా అభిప్రాయం. నోరు విప్పాకే అంతా చెడింది.

ఇక్కడ ఇంకో గోతిలో పడ్డాను, అదీ చెప్పాలి. మాటలెందుకు, బతుకే సాక్ష్యం అనుకుని పూర్తిగా నోరు మూసుకున్నాను. "ఎల్లప్పుడూ సువార్త ప్రకటించు, అవసరమైతే మాటలు వాడు" అని అస్సీసీ ఫ్రాన్సిస్ పేరు మీద ఒక మాట తిరుగుతూ ఉంటుంది కదా, దాన్ని ఫోన్‌లో వాల్‌పేపర్‌గా కూడా పెట్టుకున్నాను. ఆ మాట ఆయన రాతల్లో ఎక్కడా లేదు. పైగా ఆయన ఊరూరా తిరిగి నోరారా బోధించినవాడు. నాది వినయం కాదు, పిరికితనం. దానికి ఒక పుణ్యపురుషుడి పేరు అడ్డం పెట్టుకున్నాను.

ఆ మధ్యలో ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నాకు ఒక్క రిపోర్టు కూడా సరిగా వచ్చేది కాదు. మేడమ్ రెండు రోజుల్లో పట్టేసింది. అడుగుదామా అనుకున్నప్పుడు మనసులో మొదట వచ్చిన ఆలోచన "ఇదొక అవకాశం" అని. అది వచ్చిందన్న సంగతికే చిరాకేసి ఇంకో రోజు ఆగాను. తర్వాత ఆదాయం టోటల్ మూడోసారి తప్పినప్పుడు, నిజంగానే చేతకాక వెళ్లి అడిగాను. కుర్చీ లాక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. "ముందు తేదీల కాలమ్ సార్ట్ చెయ్యాలి నువ్వు" అంది. ఆ "నువ్వు" ఏ కాలమ్ దగ్గర తిరిగొచ్చిందో అందుకే నాకు ఇంకా గుర్తుంది.

తర్వాత కొన్ని నెలలకు వాళ్లమ్మగారు ఆసుపత్రిలో చేరారు. ఇరవై రెండు రోజులు. చివరి రోజుల్లో వెంటిలేటర్ మీద. మేడమ్ ఒక్కతే చూసుకునేది. ఆమె ఇంటికి వెళ్లి స్నానం చేసి వచ్చేదాకా సాయంత్రాలు రెండు గంటలు నేను కూర్చునేదాన్ని. మూడో రోజో నాలుగో రోజో అడిగాను. "నేను ప్రార్థన చేసుకోనా మేడమ్? పైకి కాదు, నాలో నేనే."

"నీ దేవుణ్ణి నువ్వు అడుక్కో, వద్దనను" అంది. "కానీ మా అమ్మ దగ్గర మతం మాట ఎత్తొద్దు. మాటివ్వు." ఇచ్చాను.

ఈ సంగతి మా సంఘంలో ప్రార్థన అంశంగా చెప్పడం నేను చేసిన పొరపాటు. రెండు రోజుల తర్వాత శిక్షణ ఇచ్చిన బ్రదర్, ఇంకో ఇద్దరు ఆసుపత్రికి వచ్చేశారు. "స్వస్థత ప్రార్థన చేసి, ఆ తల్లి చెవిలో సువార్త చెప్దాం. మళ్లీ టైమ్ దొరకదు" అన్నారు. నేను గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. వద్దు బ్రదర్, మాటిచ్చాను అన్నాను.

"ఒక ఆత్మ నశిస్తే జవాబు ఎవరు చెప్తారు సిస్టర్?"

అది నాకు తేలికైన ప్రశ్న కాదు. ఆయన ఏది నమ్ముతారో నేనూ అదే నమ్ముతాను. ఆ రాత్రి నిద్ర లేదు. కానీ ఆ మంచం మీద మనిషి ముఖం పక్కకు తిప్పుకోలేరు, వద్దు అనలేరు. వద్దనే వీలు లేని మనిషికి చెప్పేదాన్ని నేను సువార్త అనలేను. ఇంటికొచ్చి యాకోబు 5:14 తీసి చూశాను. పెద్దల్ని పిలిపించుకోవలసింది రోగి. పెద్దలు తమంతట తాము రావడం అందులో లేదు. తలుపు దగ్గర ఈ వచనం తోచి ఉంటే బాగుండేది. తోచలేదు. ఊరికే నిలబడ్డాను, అంతే.

ఇరవై రెండో రోజు తెల్లవారుజామున ఆమె పోయారు.

కారిడార్‌లో బెంచీ మీద మేడమ్ నావైపు తిరిగి, "నువ్వు ప్రార్థన చేశావుగా?" అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉత్త ప్రశ్న. నా శిక్షణ ఫైల్లో దీనికి మూడు జవాబులున్నాయి, వచనాలతో సహా. "చేశానక్కా" అన్నాను. "ఇలా ఎందుకైందో నాకు తెలీదు." అక్కా అనే మాట అప్పుడే మొదటిసారి నోట్లోంచి వచ్చింది. నేనూ ఏడ్చాను. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధి దగ్గరికి వెళ్లేముందు కన్నీళ్లు విడిచాడని యోహాను 11లో ఉంటుంది. లేపే శక్తి లేనిదాన్ని, నేను ఏడవకపోతే ఎలా?

నెలన్నర దాటాక ఒక సాయంత్రం సిస్టమ్ ఆఫ్ చేస్తూ, "ఒకటి అడుగుతాను" అంది. "ఆ రోజు తలుపు దగ్గర మీవాళ్లను ఎందుకు ఆపావు? నేను కారిడార్ చివర ఉన్నాను, చూశాను. వాళ్లు చెప్పేదీ నువ్వు నమ్మేదీ ఒకటే కదా. మరి నువ్వు దేన్ని నమ్ముతావు అసలు?"

ఏడాదిన్నరలో మొదటి ప్రశ్న. చేతులు చల్లబడ్డాయి.

ముందు అబద్ధాన్ని సరిచేశాను. చావు అంచులూ లేవు ఏమీ లేవు, పరీక్షల భయం అది అన్నాను. "నాకు అప్పుడే తెలుసు. అప్పటికే నాలుగేళ్లుగా చూస్తున్నాను నిన్ను, మానిటర్ ఆగిపోతేనే ఇల్లంతా మునిగినట్టు చేస్తావు" అంది. ఆమె ముందు నా సాక్ష్యం నలభై సెకన్లకు దిగిపోయింది. ఇక మిగిలింది ఆ పట్టికే. దాని నుంచే చెప్పాను. నేను మీ పేరుకు ఎదురుగా ఒక మాట రాశాను. నాకూ అలాంటి కాగితం ఒకటుంది, అందులో రాసినవన్నీ నిజాలే. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో, మన మీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టేశాడని ఉంటుంది. నేను నమ్మేది అది.

ఆమె లెక్కల మనిషి. కాసేపు ఆలోచించింది.

"రైటాఫ్ చేశాడన్నమాట."

"రైటాఫ్ చేస్తే ఆ నష్టం ఎవరో ఒకరు భరించాలి కదక్కా."

"ఎవరి పుస్తకంలో చూపించాడు?"

"తన పుస్తకంలో."

ఆమె ఏమీ అనలేదు. బ్యాగ్ తీసుకుని లేచింది. నేను రోమా 10:9 ఎత్తలేదు, "ఇప్పుడే ఒప్పుకుంటారా" అని అడగలేదు. అడగాల్సిందని మా సంఘంలో కొందరు అన్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆ నిమిషంలో నోరు రాలేదు.

తర్వాతి వారం తనే, "చిన్న పుస్తకం ఏదైనా ఉంటే ఇవ్వు. చదువుతాను" అంది. నాలుగు సువార్తల్లో మార్కు చిన్నది, 16 అధ్యాయాలు. షరతులు ఆమెవే. వారానికి రెండు రోజులు, లంచ్ అయ్యాక పదిహేను నిమిషాలు. ప్రార్థన పెట్టకూడదు. తను అడిగితేనే నేను చెప్పాలి. 8 వారాల శిక్షణ కంటే ఈ మూడో షరతు నాకు ఎక్కువ నేర్పింది. చెబుతానా వద్దా అని నాలుక చివర పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఆమె చదివే తీరు ఆడిట్ చేసినట్టు ఉంటుంది. మొదటి అధ్యాయంలోనే ఆగింది. కుష్ఠరోగిని బాగుచేసి ఎవరితోనూ ఏమీ చెప్పొద్దంటాడు యేసు. ఐదో అధ్యాయంలో యాయీరు కూతుర్ని లేపి మళ్లీ అదే మాట. ఏడో అధ్యాయంలో చెవిటివాడి దగ్గరా అదే. మార్జిన్‌లో పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ వచ్చి, "చూశావా, ఆయనేమో ఎవరికీ చెప్పొద్దంటున్నాడు. నువ్వేమో నా టేబుల్ మీద కరపత్రం పెట్టావు" అంది. ఇద్దరం ఎంత నవ్వామంటే పక్క సెక్షన్ వాళ్లు తొంగి చూశారు. ఒక్కచోట మాత్రం చెప్పమన్నాడక్కా అని, అడగకుండానే, షరతు మీరి చూపించాను. 5:19లో దయ్యాలు వదిలినవాడు వెంట వస్తానంటే ఒప్పుకోలేదు. నీ ఇంటికి, నీవాళ్ల దగ్గరికి వెళ్లి, ప్రభువు నీకు చేసినదీ నీమీద చూపిన కనికరమూ చెప్పమన్నాడు. "అంటే తెలిసినవాళ్లకు, జరిగింది మాత్రమే" అంది ఆమె. పక్కన ఇంకో టిక్కు పెట్టింది, కొంచెం పెద్దది.

ఎనిమిదో అధ్యాయం 17వ వచనం దగ్గర ఆగి పుస్తకం నావైపు తిప్పింది, వేలు ఆ మాట మీద పెట్టి. మీరు కఠిన హృదయులా అని యేసు అడుగుతున్నాడు. అడుగుతున్నది తనతో వాదించే పరిసయ్యుల్ని కాదు, రాత్రింబగళ్లు తన వెంటే తిరిగే శిష్యుల్ని. "ఇదిగో, నీ మాట" అంది. ఇంకేమీ అనలేదు. నేను కూడా.

11లో అంజూరపు చెట్టు దగ్గర ఇద్దరం ఇరుక్కున్నాం. పండ్ల కాలం కాదని మార్కే రాశాడు, మరి యేసు ఆ చెట్టును ఎందుకు శపించాడు? నాకు తెలీదన్నాను. పాస్టర్ గారిని అడిగి వచ్చి చెప్పాను. దేవాలయంలో వ్యాపారుల్ని వెళ్లగొట్టిన సంగతికి ముందు సగం, వెనక సగం ఈ చెట్టు కథను పెట్టాడు మార్కు. ఆకులుండి పండు లేని ఆలయానికి అది గుర్తు. ఆమెకు సగమే నచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ అంతే.

ఈ రోజుల్లోనే సెల్సస్ గురించి చదివాను. రెండో శతాబ్దంలో క్రైస్తవ్యాన్ని ఎద్దేవా చేస్తూ రాసినవాడు. అతని రాతలు మనకు తెలిసేది ఎక్కువగా ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు తర్వాత రాసిన జవాబులోంచే. ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఇళ్లల్లో చేరి ఆడవాళ్లకూ పిల్లలకూ ఇది ఎక్కిస్తున్నారని అతని గోల. తిట్టాలని రాశాడు. అకౌంట్స్ క్లర్కును కూడా ఆ వరసలో చేర్చుకోమని నాకనిపించింది.

పట్టికలో మిగతా నలుగురి మాటా చెప్పాలి కదా. ఒకరు బదిలీ మీద వెళ్లిపోయారు, ఇద్దరితో నేను ఇంతవరకు నోరు విప్పలేదు, ఒకాయన మొదటి రోజే "ఇలాంటివి నాకు వద్దండీ" అన్నారు. ఇప్పుడు ఎదురైతే క్రికెట్ మాట్లాడుకుంటాం. వాళ్ల కోసం ప్రార్థన చేస్తాను, గళ్లు మాత్రం లేవు. శిక్షణ ఇచ్చిన బ్రదర్ కనిపించినప్పుడల్లా "మేడమ్ గారు నిర్ణయం తీసుకున్నారా?" అని అడుగుతారు. చదువుతున్నారు బ్రదర్ అంటాను. ఆయన మంచివారే. ఆసుపత్రి సంగతి మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు.

మార్కు మొన్న అయిపోయింది. దాదాపు ఐదు నెలలు పట్టింది, నెలాఖరు పనులతో చాలా వారాలు పోయాయి. 16:8 దగ్గర ఆమెకు ఒక సంగతి చెప్పాను, ఈసారి అడిగితేనే. నాలుగో శతాబ్దపు పాత ప్రతులు రెండింటిలో, సీనాయ్ ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ, మార్కు సువార్త అక్కడే ఆగిపోతుంది. ఆడవాళ్లు ఖాళీ సమాధి చూసి వణుకుతూ పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అంతే.

ఆ వాక్యం మళ్లీ ఒకసారి చదివింది. పెన్సిల్ తీసింది, టిక్కు పెట్టలేదు.

"ఎవరికీ చెప్పలేదట. మరి ఇక్కడిదాకా ఎలా వచ్చింది?"

నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "చెప్పకు. ఇంకో పుస్తకంలో ఉంటుందా?"

"లూకాలో చూడొచ్చక్కా."

"అది ఎన్ని అధ్యాయాలు?"

"ఇరవై నాలుగు."

"అబ్బో" అంది. గడియారం వైపు చూసింది, లంచ్ టైమ్ ఇంకో రెండు నిమిషాలుంది. "ఈ క్వార్టర్ క్లోజింగ్ అవనీ. తర్వాత మొదలుపెడదాం."